పేరుకు ముందున్న మాట

ఆదివారం

ఫాదర్ తప్పు చదివాడు. మైకులో, అందరి ముందూ, మా అమ్మ గురించి తప్పు చదివాడు.

కోపంతో పెన్ను కాగితంలో దిగబడుతోంది. ఈ అక్షరాలు చూస్తే ఎవడికైనా తెలుస్తుంది. ఎవడూ చూడడు కాబట్టి సరిపోయింది.

పూజ చివర పెళ్లి ప్రకటన చదువుతారని నాకు ముందే తెలుసు. మూడు ఆదివారాలు వరసగా చదవాలట. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చట. నాకుంది అభ్యంతరం. కొండంత ఉంది. నలభై దాటిన మా అమ్మ ఏభై దాటిన మా మేస్త్రిని చేసుకోవడమేంటి? నాకు తాపీ పట్టడం నేర్పినవాడు, రోజూ పరంజా మీద నా పక్కన కూర్చుని నా డబ్బాలో చెయ్యి పెట్టి తినేవాడు, నాకే తెలియకుండా మా ఇంటికే కన్నం వేశాడు. కానీ అది అభ్యంతరం కింద రాదట. "నీ కడుపుమంటకి చర్చిలో మందు లేదురా," అన్నాడు పొట్టి. పొట్టి మాతో పనిచేసే వడ్రంగి. వాడికి అన్నీ తెలుసు.

పైగా అమ్మ అడిగింది, "గుమ్మం దగ్గర్నుంచి పీఠం దాకా నువ్వే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి నాన్నా," అని. చూద్దాం అన్నాను. చూద్దాం అంటే రానని అర్థం. అమ్మకీ తెలుసు.

సరే. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ముందు మేస్త్రి గురించి చదివాడు. "భార్య గతించిన" అని, ఆ తర్వాత పేరు. అది నిజమే. ఆవిడ సమాధికి ఏటా సున్నం వేసేది నేనే.

తర్వాత అమ్మ. "భర్త గతించిన" అంటాడని చూస్తున్నాను.

"కుమారి" అన్నాడు. కుమారి, ఆ తర్వాత మా అమ్మ పేరు.

బెంచీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. దగ్గు కాదది, నవ్వు. నా ముందు బెంచీలో ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి మెడలు తిప్పి నన్ను చూశారు. ఇరవై రెండేళ్లవాణ్ణి, బుగ్గమీసం ఉన్నవాణ్ణి, కుమారి గారి కొడుకుని.

ఫాదర్ కళ్లజోడు మార్చుకోవాలి. అంతే. అంతకంటే ఏముంది?

అమ్మ ముందు వరసలో ఉంది. వీపే కనిపించింది. కదల్లేదు. వినబడి ఉండదు పాపం. ఆస్పత్రి లాండ్రీలో ఆ యంత్రాల మోతకి చెవులు సగం పోయాయి.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే అన్నం పెట్టింది. తల వంచుకుని తిన్నాను. గోడ మీద నాన్న ఫొటో వైపు చూడలేకపోయాను. పోయినవాడు వచ్చి అడగడనే కదా ఇంత అలుసు.


సోమవారం

ఇవాళ కప్పుకి రెండో పూత. ఈ చర్చి ఎప్పుడు కట్టారో గుమ్మం మీద చెక్కి ఉంది. ఆ అంకెలు కూడా అరిగిపోయాయి. కప్పు నుంచి పాత సున్నం పొడి రాలుతుంటే, పూజకొచ్చినవాళ్లు కొన్నాళ్లు అదేదో దీవెన అనుకున్నారట. ఒక రోజు అరచెయ్యంత పెచ్చు ఒకాయన బట్టతల మీద దీవించాక మమ్మల్ని పిలిచారు. ఈ పని అయిపోయి పరంజా విప్పాక ఇక్కడ జరిగే మొదటి పెళ్లి అమ్మదే. నా చేత్తో పూసిన కప్పు కింద.

గుమ్మం దాటగానే నేలలో ఒక నల్లరాయి ఉంది. మధ్యలో అరిగి గిన్నెలా గుంట పడింది. దాని మీద నిలబడి గుసగుసలాడినా, పైన పరంజా మీదున్నవాడికి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. ఆ రాతి మీద గొంతెత్తితే పీఠం దాకా పాకుతుంది. "మైకులు లేనప్పుడు కట్టిన కప్పురా ఇది," అంటాడు మేస్త్రి. ఇక్కడ పనిలో దిగిన రోజే మా అందరికీ ఒక మాట చెప్పాడు. "పైన విన్నది కిందికి దింపకూడదు. మనం సున్నానికి వచ్చాం, సంగతులకి కాదు."

మధ్యాహ్నం పూలు సర్దడానికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. నిన్న మెడలు తిప్పినవాళ్లే. సరిగ్గా ఆ రాతి మీదే నిలబడ్డారు.

"విన్నావా వదినా, కుమారి అంట!"

"మరి ఆ మీసాలవాడెవడంట?"

"ఏమో తల్లీ. ఆకాశం నుంచి ఊడిపడ్డాడేమో."

ఆకాశం నుంచి ఒక ముద్ద తడి సున్నం ఊడిపడింది. సరిగ్గా వాళ్ల పూలబుట్టలో.

వాళ్ల అరుపులు తగ్గాక పరంజా అవతలి కొస నుంచి మేస్త్రి నా వైపు చూశాడు. "చెయ్యి జారిందా?"

"జారింది."

"నీ చెయ్యి జారదురా. నేర్పింది నేను."

"ఇవాళ జారింది."

"ఏమన్నారు వాళ్లు?"

"పైన విన్నది దింపొద్దన్నావుగా. నీక్కూడా దింపను."

తాపీ అందుకుని కప్పు వైపు తిరిగాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ వయసులో.

సాయంత్రం ఫాదర్ గదికి వెళ్లాను. చెప్పులు విప్పలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. "మా అమ్మ పేరు ముందు తప్పు చదివారు. మా నాన్న పోయాడు. మేస్త్రికి చదివినట్టే చదవాలి," అన్నాను.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుస్తాడో! "మీ అమ్మగారు చెప్పినట్టే చదివాను బాబూ."

"అమ్మకి సరిగ్గా వినబడదు. మీరేదో అడిగి ఉంటారు, తనింకేదో అనుకుని ఉంటుంది."

"అయితే ఇంటికెళ్లి అమ్మనే అడుగు."

అడగాల్సిన పనేముంది? తప్పు చేసింది ఈయన, అడగాల్సింది అమ్మనా?


మంగళవారం

అడగలేదు.


గురువారం

పక్కింటి పిన్ని వచ్చింది. వచ్చి కూర్చుని, అమ్మ లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించి, "ఏంట్రా, చర్చిలో ఏదో చదివారంట?" అంది.

"కళ్లజోడు సమస్య," అన్నాను.

పిన్ని గోడ వైపు చూసింది. "పోనీలే. ఆయన ఉంటే ఇవన్నీ ఎందుకు? అచ్చం ఆయన ముక్కే నీది," అంది. చిన్నప్పట్నుంచీ అంటుంది ఆ మాట. ఆ ముక్కు కింద అలాంటి మీసమే పెంచుకున్నాను. రోజూ ఫొటో చూసుకుంటూ చివర్లు కత్తిరిస్తాను.

అడగలేదు. అడుగుతాను. ఆదివారం ఎలాగూ సరిచేసి చదువుతాడు కదా.


ఆదివారం

సరిచెయ్యలేదు.

ఈసారి పక్క స్తంభం దగ్గర నిలబడ్డాను, అమ్మ ముఖం కనిపించేలా. ఫాదర్ "కుమారి" అన్నాడు. అమ్మకి వినబడింది. బాగా వినబడింది. తల ఎత్తుకుని కూర్చుంది. నవ్వుతోంది. మా అమ్మ అలా నవ్వగలదని నాకు తెలియదు. అది నాకు తెలిసిన ఆడమనిషి ముఖం కాదు.

బయటికి వచ్చేశాను. ఎక్కడెక్కడ తిరిగానో తెలియదు. ఇంటికెళ్లేసరికి అమ్మ నా పని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. వారమంతా ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి, సెలవు రోజు నా చొక్కా.

"ఫాదర్ తప్పు చదువుతుంటే ఊరుకుంటావేంటమ్మా?"

"తప్పేం చదివారు?"

"కుమారి అంటున్నాడు."

"అవును."

"అవునేంటి? నువ్వు కుమారివి కాదుగా."

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "అవును నాన్నా. నేను అదే."

నాకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు. అమ్మ నా ముఖం చూసి మళ్లీ చెప్పింది, చిన్నపిల్లలకి చెప్పినట్టు. "నాకు పెళ్లి కాలేదురా. ఇదే మొదటిది."

"మరి ఆయన?" గోడ వైపు చెయ్యి చూపించాను.

అమ్మ ఫొటో వైపు చూసింది. మొట్టమొదటిసారి, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

"ఆయనెవరో నాకు తెలియదు."

నవ్వొచ్చింది నాకు. గట్టిగా నవ్వాను కూడా అనుకుంటా. అమ్మ ఆగి, నేను ఆపాక చెప్పింది. ఆ ఫ్రేము పాత సామాన్ల కొట్లో కొన్నదట. నా ఫొటో పెడదామని. దాంట్లో ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. వెనక మేకులు తుప్పుపట్టి ఊడి రాలేదు. తర్వాత చూద్దాంలే అని అలాగే తగిలించింది.

"నువ్వప్పుడే నడక నేర్చుకుంటున్నావు. గోడ పట్టుకుని దాని కింద నిలబడి, వేలెత్తి 'నాన్న' అన్నావు. నేను చెప్పలేదురా. నువ్వే అన్నావు. నేను కాదనలేకపోయాను, అంతే."

"ముక్కు... పిన్ని ముక్కు అంది!"

"అది చూద్దామనుకున్నది చూసింది."

"బళ్లో తండ్రి పేరని ఎవరిది రాయించావు?"

"అది మా నాన్న పేరు."

"మరి అసలువాడు?"

అమ్మ చొక్కా కాలరు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "నాకు పద్దెనిమిది. నువ్వు కడుపులో ఉన్నావని చెప్పిన మర్నాటి నుంచి కనబడలేదు. పేరు అడక్కు. చెప్పను. ఆ మనిషికి ఈ ఇంట్లో పేరు కూడా మిగలకూడదు."

"ఉన్నాడా, పోయాడా?"

"ఎవరికి కావాలి?"

నాకు కావాలి. నాకు కావాలని అరిచాను. ఏం కావాలో తెలియకుండా అరిచాను. అమ్మ తన పాటికి తను చెబుతూనే ఉంది. నన్నెత్తుకుని ఎవరూ తెలియని ఈ ఊరొచ్చిందట. మొగుడు పోయాడని చెప్పిందట. ఆ మాట చెబితేనే గది ఇచ్చారు, పని ఇచ్చారు, తలలూపారు. "బజారులో చెప్పాను, ఆస్పత్రిలో చెప్పాను, నీకు చెప్పాను. పీఠం ముందు మాత్రం చెప్పలేను. అబద్ధం మీద నిలబెట్టిన పెళ్లి పెళ్లవుతుందా?"

"అయితే ఫాదర్ చెవిలో చెప్పుకో! మైకులో ఎందుకు? ఊరంతా నన్ను చూసి నవ్వడానికా?"

అమ్మ మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

"నేను రాను. నీ చెయ్యి పట్టుకుని నడవను. ఇంకెవరినైనా చూసుకో," అన్నాను.

"సరే నాన్నా," అంది.

ఆ చొక్కా మడత పెట్టి నా మంచం మీద పెట్టింది. తీసి నేల మీద పారేశాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, మళ్లీ తీసి పెట్టాను. రేపు వేసుకోవడానికి ఇంకోటి లేదు.


సోమవారం

ఎవరా పెద్దమనిషి?

ఆయన పిల్లలు ఎక్కడో ఉండి ఉంటారు. వాళ్ల గోడ ఖాళీగా ఉండి ఉంటుంది.

ఈ ఇంట్లో నాన్న అనే మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వినిపించినా, అది అమ్మ నన్ను పిలిచిన పిలుపే. ఇంకెవరూ లేరు. అది నేనే.


మంగళవారం

మీసం తీసేశాను. పై పెదవి చల్లగా ఉంది, ఎవరిదో తెచ్చి అంటించినట్టు.

పొట్టి చూసి పరంజా దిగి మరీ వచ్చాడు. "ఏరా, మీసం ఎక్కడ పారేసుకున్నావు? చెబితే వెతికేవాళ్లం కదా." తాపీ విసిరాను. తగల్లేదు. తగలాలని విసరలేదు.

మేస్త్రి అందరినీ పంపించేసి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అడిగిన రోజునే చెప్పింది. ముందు ఇది విను, తర్వాత ఇష్టమైతే మళ్లీ అడుగు అంది. విని మళ్లీ అడిగాను."

"ఫొటో సంగతి కూడా?"

"ఆ ఫ్రేముకి పగిలిన అద్దం మార్చింది నేనేరా." సున్నం కలపడం మొదలుపెట్టాడు. "ఆయన మీద నాకేం కోపం లేదు. ఇన్నేళ్లు మీ ఇంట్లో ఉన్నాడు. తాగి రాలేదు, అరవలేదు, మీ అమ్మ మీద ఒక్కసారి చెయ్యెత్తలేదు. అలాంటి మగాళ్లు దొరకరు."

నాకు నవ్వు రాలేదు. రాలేదని రాస్తున్నాను.

"నిన్ను నాన్న అని పిలుస్తాననుకోకు," అన్నాను.

"పిలవకు. మేస్త్రీ అంటే పలుకుతాను. అది కష్టపడి సంపాదించుకున్న పేరు."

ఇలాంటివాడితో తిట్లాటకి దిగడం కూడా దండగ.


బుధవారం

ఫాదర్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి తలుపు కూడా తట్టలేదు.

"ఈ ఆదివారం ఆ మాట చదివితే, పూజ మధ్యలో పరంజా ఎక్కి అరుస్తాను. నిజంగా అరుస్తాను."

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. భయపడ్డాడు అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ చూపు భయంలా లేదు.

"పేరు ఒక్కటే చదువుతాను. దానివల్ల పెళ్లికి లోటేమీ లేదు. కానీ బాబూ, మీ అమ్మకి ఒక మాట..."

"అమ్మకి నేను చెబుతాను."

చెప్పలేదు.


ఆదివారం

పేరు ఒక్కటే చదివాడు. ముందు ఏమీ లేదు. ఎవరూ దగ్గలేదు. ఎవరూ మెడ తిప్పలేదు.

గెలిచాను.

పేరు వచ్చే ముందు అమ్మ కొంచెం ముందుకు వంగింది. పేరు వచ్చింది. అయిపోయింది. ఫాదర్ ఇంకేదో ప్రకటనకి వెళ్లిపోయాడు. అమ్మ అలాగే వంగి ఉంది, ఇంకేదో రావాల్సి ఉన్నట్టు, తనే సరిగ్గా వినలేదేమో అన్నట్టు. పక్కనున్న పిన్నిని ఏదో అడిగింది. పిన్ని తల అడ్డంగా ఊపింది.

గెలిచాను అని ముందే రాశాను కదా.


సోమవారం

ఇవాళ్టి సంగతి రాయకూడదు. పైన విన్నది. కానీ ఈ పుస్తకం కిందా కాదు, పైనా కాదు.

గుమ్మం పైభాగానికి ఆఖరి పూత వేస్తున్నాం, మేస్త్రి, నేను. కింద అమ్మ గొంతు వినిపించింది. లాండ్రీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఫాదర్ గుమ్మం దగ్గర ఎదురయ్యారు. ఇద్దరూ నల్లరాతి మీద ఆగారు.

"నిన్న ఆ మాట చదవలేదు ఫాదర్."

నా తాపీ గాల్లో ఆగిపోయింది. చెప్పేస్తారు. మీ అబ్బాయే వచ్చి బెదిరించాడమ్మా అని చెప్పేస్తారు.

"కంటికి ఆనలేదమ్మా," అన్నారు ఫాదర్. "కళ్లజోడు మార్చుకోవాలి."

"అంతేనా! ఎవరైనా వద్దన్నారేమో అనుకున్నాను."

"లేదమ్మా. ఎవరూ అనలేదు."

"మీరు మొదట్లోనే పేరు ఒక్కటి చదువుతానన్నారు. నేనే వినలేదు, చదవమని పట్టుబట్టాను. పిచ్చి ఆశ ఫాదర్." అమ్మ గొంతు చిన్నగా ఉంది. అయినా ప్రతి ముక్కా నా చెవిలో పడింది. "పద్దెనిమిదేళ్లకే పోయింది నాకా మాట. పెళ్లికూతురినని ఎవరూ అనలేదు. పిల్లగా ఉండి ఒక్కసారే విధవనైపోయాను, మధ్యలో ఏమీ లేకుండా. అదీ నేను చెప్పుకున్న అబద్ధంతోనే. మూడుసార్లు వింటానని ఎదురుచూశాను. రెండుసార్లు విన్నాను. చాల్లెండి."

"పెళ్లి రోజున అనమంటావా?"

"వద్దు ఫాదర్. మా అబ్బాయికి నామోషీగా ఉంది. వాడు రానంటున్నాడు. వాడు వచ్చి ఏ మూల నిలబడినా చాలు. ఆ మాట లేకపోయినా పర్వాలేదు."

అడుగుల చప్పుడు దూరమైంది.

మేస్త్రికి నా వైపు చూసే ధైర్యం లేదో, చూడకూడదనుకున్నాడో. కప్పు వైపే చూస్తూ, "సున్నం బిగుసుకుపోతోంది. కానియ్యి," అన్నాడు.

కానిచ్చాను. ఆ గుమ్మం మీద పూత ఎలా వచ్చిందో నాకు తెలియదు. కళ్లలో సున్నం పడింది. పడుతుంది, ఈ పనిలో మామూలే.


మంగళవారం

ఏమీ లేదు.


గురువారం

పరంజా విప్పేశాం. కప్పంతా ఒక్కసారి బయటపడింది. మేం లేకుండా కూడా అది నిలబడగలదని నమ్మడానికి కాసేపు పట్టింది. పొట్టి నల్లరాతి మీద నిలబడి ఒక బూతు మాట అన్నాడు. పీఠం దగ్గర ఊడుస్తున్న ముసలాయన చీపురు వదిలేశాడు.

అమ్మ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. రానని చెప్పినవాడు వస్తానని ఎలా చెబుతాడో నాకు చేతకాదు. ఎవరూ నేర్పలేదు.


శనివారం

పెళ్లి అయిపోయింది.

మేస్త్రి ప్రమాణం చెప్పేటప్పుడు, "సుఖంలోనూ దుఃఖంలోనూ" దగ్గర ఆగిపోయాడు. పరంజా మీద కుక్కలా అరిచే గొంతు అది. అమ్మ మెల్లగా మిగతాది అందించింది. ఉంగరం వేలి కణుపు దగ్గర పట్టేసింది. వేడి నీళ్లలో నానీ నానీ వాచిన వేళ్లు. మేస్త్రి లాగలేదు, తొయ్యలేదు. పాత గోడలోంచి మేకు తీసేటప్పుడు తిప్పినట్టు, అటో వెంట్రుకవాసి, ఇటో వెంట్రుకవాసి తిప్పుతూ ఎక్కించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. నేను కూడా.

బయట మెట్ల మీద నన్ను పక్కకి లాగాడు. "పైన విన్నది కిందికి దింపొద్దని చెప్పానా లేదా?"

"దింపలేదు మేస్త్రీ. పైకి పంపించాను."

ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంకా మండుతోంది.

అసలు సంగతి రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను.

పొద్దున లేచేసరికి అమ్మ వెళ్లిపోయింది, పిన్నితో. తలుపుకి నా తెల్లచొక్కా తగిలించి ఉంది. ఇస్త్రీ చేసి. రమ్మని చీటీ లేదు, ఏమీ లేదు. చొక్కా ఒక్కటే. ఎంతసేపు దాని ముందు కూర్చున్నానో. గోడ మీద పెద్దమనిషి చూస్తూ ఉన్నాడు. "ఏం చెయ్యమంటావు?" అన్నాను ఆయనతో. ఎప్పటిలాగే మర్యాదగా ఊరుకున్నాడు.

పరుగెత్తాను. తెల్లచొక్కా వేసుకుని బజారులో దొంగలా పరుగెత్తాను.

అమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. తెల్లచీర. పక్కన పిన్ని. అప్పటికే ఆలస్యమైనట్టుంది, లోపల జనం కదులుతున్నారు. నన్ను చూసి అమ్మ చెయ్యి చాచి నా పై పెదవి మీద బొటనవేలితో రాసింది.

"మీసం లేకపోతే నీలాగే ఉన్నావురా," అంది.

పాటల మాస్టారు మైకు పట్టుకుని హడావుడిగా వచ్చాడు. "బాబూ, వచ్చావా! లోపలికి పిలవాలి. అమ్మగారి పేరు ముందు ఏమనాలి? ఫాదర్ పేరొక్కటే చాలన్నారు. బోడిగా ఉంటుందేమో, శ్రీమతి అననా?"

అమ్మ గబగబా, "పేరొక్కటే అనండి బాబూ," అంది. నా వైపు చూడకుండా.

నాకు మైకు అక్కర్లేదు. రెండడుగులు లోపలికి వేసి నల్లరాతి మీద నిలబడ్డాను. జనం నిండా ఉన్నారు. పూలు సర్దే ఆ ఇద్దరూ కుడివైపు చివర్లో. చివరన, పీఠం దగ్గర, ఎప్పుడూ వేసుకోని కోటులో బిగుసుకుపోయి మేస్త్రి. నేనెక్కడ నిలబడ్డానో ఈ చర్చిలో మరెవరికీ తెలియకపోయినా ఆయనకి తెలుసు.

"కుమారి," అని అరిచాను.

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అది లేచి కప్పుకి తగిలి, మేం పూసిన సున్నం పొడుగునా పాకి, పీఠం దాకా వెళ్లింది. అది ఇంకా పైన ఉండగానే అమ్మ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. తాత పేరు కూడా చెప్పాను, ఆయన కూతురని.

"వస్తోంది. లేచి నిలబడండి," అన్నాను.

ఆ చివరి మాట పెళ్లిలో అనాల్సింది కాదేమో. తిట్టినట్టే వచ్చింది. నాకు వచ్చిన గొంతు అదే. అందరికంటే ముందు లేచింది ఆ పూలావిడే, బుట్టలో సున్నం పడినావిడ. తర్వాత బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

వెనక్కి తిరిగాను. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. మూడోసారి వినబడింది.

చెయ్యి చాచాను. పట్టుకుంది. వేళ్లు గరుకుగా, వేడిగా ఉన్నాయి. నాకు ఎప్పుడూ పరుగే కదా, పెద్ద అడుగు వేసి లాగాను. అమ్మ నన్ను ఆపింది.

"మెల్లగా నడు నాన్నా," అంది. "ఇన్నేళ్లకి వచ్చాను. తొందరేముంది?"